రంగుల రైళ్లు, నల్లని పొగ

మా చోడవరమునకు రైలు లేదు. నాడును లేదు, నేడును లేదు. నాడు విశాఖపట్టణము జిల్లాలోనిదై, 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ఊరివారు రైలు చూడవలెనన్నచో సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న అనకాపల్లికి పోవలసినదే. చెరకుబండ్లు రోడ్డెక్కు దినములలో ఆ బస్సు ఎప్పుడు చేరునో ఎవరును చెప్పజాలరు. మేము బాలురముగా నున్న 1980ల చివరి సంవత్సరములలో మా మేనమామ బెల్లము మార్కెట్టు పనిమీద అనకాపల్లి పోవునపుడెల్ల మమ్ము వెంటబెట్టుకొని పోయెడివారు. పని ముగిసిన తరువాత స్టేషనుకు తీసికొనిపోయి బండి చూపించుట ఆయన మాకిచ్చు బహుమానము.

మదరాసు మెయిలో, మరియొక ఎక్స్‌ప్రెస్సో వచ్చి ఆగును. పెట్టెలన్నియు ఒకే ఇటుకరంగువి. ముందు డీసెలు ఇంజను గుడగుడలాడుచు నిలిచియుండును. గార్డు పచ్చజెండా ఊపగనే ఇంజను నెత్తినుండి కాటుకవంటి పొగ ఒక్కసారిగా పైకి లేచును. మేనమామ ఆ క్షణమునకు ముందే నాలుగడుగులు వెనుకకు వేసెడివారు. ఆయన ఎప్పుడును తెల్లచొక్కాయే తొడిగెడివారు. ఒకనాడు ఆ ఇంజను ఎక్కడిదని మేమడుగగా ఆయన, “ఆల్కో అంటారురా దాన్ని. అమెరికావాడి ఇంజను. కాశీలో చేస్తారు” అని చెప్పిరి. అమెరికావాని ఇంజను కాశీలో పుట్టుట ఏమో మాకు బోధపడలేదు. ఆయనకును అంతకుమించి తెలియదు.

కొన్నియేండ్లకు విశ్వవిద్యాలయ గ్రంథాలయములో, పరీక్షకు చదువవలసినది మాని, బైండు చేసిన పాత అమెరికన్ సచిత్ర పత్రికలను తిరగవేయుచుండగా ఒక పుటలో ఒక రైలు బొమ్మ కనబడినది. ఇంజను ముఖము కుంకుమవలె ఎరుపు. ఆ ఎరుపు రెండు ప్రక్కలకు వంపు తిరిగి, పసుపుపచ్చని అంచుతో వెనుకకు పారి, వెండివంటి ఒడలిలో కలిసిపోయినది. వెనుక పెట్టెలన్నియు వెండివే. క్రింద తయారుచేసినవారి పేరు చూచితిమి: ఆల్కో. మా అనకాపల్లి ఇంజనుకును ఈ మహారాణికిని ఒకే పుట్టిల్లు అని నమ్ముటకు మనసొప్పలేదు. ఆ సందేహము తీర్చుకొనుటకు చదివినదే ఈ ప్రసంగమునకు ఆధారము.

కథ 1934లో మొదలగును. అంతకుముందు అయిదేండ్లుగా అమెరికాను ఆర్థికమాంద్యము పట్టి పీడించుచుండెను. మోటారుకారు అప్పటికే ప్రయాణికులను రైలునుండి లాగుకొనుచుండెను. అక్కడి రైళ్లు ప్రభుత్వమువి కావు. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క మార్గమునకు యజమాని. ఖాళీ పెట్టెలు లాగుచున్న ఆ కంపెనీలు జనుల కన్ను మరల రైలువైపు త్రిప్పుటకు దారి వెదకినవి. 1934 ఫిబ్రవరిలో యూనియన్ పసిఫిక్ కంపెనీ అల్యూమినియముతో చేసిన మూడు పెట్టెల బండిని బయటకు తెచ్చెను. దానికి పసుపుపచ్చ, గోధుమ రంగులు వేసిరి. దూరమునుండియే కనబడవలెనని పసుపు నెన్నుకొనిరి. అందులోని ఇంజను డీసెలు కాదు. పెట్రోలుకు దగ్గరి చుట్టమైన మరియొక నూనెతో నడచునది.

డీసెలు గౌరవము బర్లింగ్టన్ కంపెనీవారి జెఫిర్ బండికి దక్కినది. అది రంగే లేని బండి. తుప్పుపట్టని ఉక్కు, అనగా నేడు మన వంటిండ్లలో ప్రతి గిన్నెయు దానితోనే యుండు స్టెయిన్‌లెస్ స్టీలుతో, ఫిలడెల్ఫియాలోని బడ్ కంపెనీ దానిని కట్టెను. 1934 మే 26న తెల్లవారుజామున డెన్వరులో బయలుదేరి, ఎక్కడను ఆగక, 1,015 మైళ్లు పరుగెత్తి, 13 గంటల 5 నిమిషములలో షికాగో చేరినది. సగటు వేగము గంటకు దాదాపు 125 కిలోమీటర్లు. ఇంజను శక్తి 600 అశ్వశక్తి మాత్రమే. ఆ బండిలో పెద్దమనుష్యులతోపాటు ఒక గాడిదపిల్లయు ప్రయాణము చేసినది. డెన్వరు పత్రిక ఒకటి దానిని కానుకగా పంపినది. సాయంకాలము షికాగో ప్రదర్శనశాలలో జనులు ఈ వెండి బండిని చూడ విరుచుకుపడిరి.

ఈ రంగుల వైభవము డీసెలుతోనే ఏల వచ్చెనని శ్రోతలు అడుగవచ్చును. బొగ్గు తిను ఇంజను తన మసిని తానే తన వెనుక పెట్టెలమీద చల్లుకొనుచు పోవును. దానికి నలుపే తగిన చీర. సదరన్ పసిఫిక్ కంపెనీ 1937లో తన డేలైట్ బండికి ఎరుపు, నారింజ, నలుపు రంగులు వేసి ఆవిరి ఇంజనుకు సైతము అవే తొడిగినది గాని, దానిని నిత్యము కడిగి తుడుచు పని తక్కువది కాదు. డీసెలు వచ్చిన తరువాత ఇంజనును పెట్టెలను ఒకే గుడ్డలో చుట్టినట్లు చూపుట తేలికైనది. ముందునుండి వెనుకకు పారు అడ్డగీతలు బండినంతటిని ఒకే వస్తువుగా చూపును. నిలిచియున్నను పరుగెత్తుచున్నట్లే యుండును. ఇంజనులకు ముందుకు చొచ్చిన ముక్కు వచ్చుటకు మాత్రము అందము ఒక్కటే కారణము కాదు. బల్లపరుపు ముఖముగల ఇంజనులో కూర్చున్న డ్రైవరుకు కాళ్లక్రిందినుండి స్లీపర్లు పరుగెత్తుచు కన్నులు చెదరును. లెవెల్ క్రాసింగులో లారీ అడ్డు వచ్చినచో దెబ్బ మొదట తగులునది అతనికే. ఆ ముక్కు అతనికి డాలు. ఆ డాలుమీద చిత్రకారులు బొమ్మ వేసిరి.

అట్టి బొమ్మలలో మకుటాయమానమైనది శాంటా ఫే కంపెనీవారిది. షికాగోనుండి లాస్ ఏంజెలెస్‌కు పోవు వారి సూపర్ చీఫ్ అను బండి 1936 మేలో మొదలై, మరుసటి సంవత్సరము మేలో స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టెలు ధరించినది. రెండువేల రెండువందల మైళ్లకు పైబడిన ఆ దూరమును 39 గంటల 45 నిమిషములలో దాటెడిది. అందులో మొదటి తరగతి తప్ప వేరు లేదు. సినిమా తారలకు అది పుట్టినింటి గడపవంటిది. దాని ఇంజన్లు జనరల్ మోటార్స్ వారి ఎలక్ట్రో-మోటివ్ కార్ఖానావి. ఆ కార్ఖానాలోని లీలండ్ నికర్‌బాకర్ అను చిత్రకారుడు వానికి ఎరుపు, పసుపు, వెండి రంగుల అమరిక గీసెను. దానికి వార్‌బానెట్ అని పేరు. ఆ దేశపు ఆదివాసి నాయకులు యుద్ధమున ధరించు ఈకల కిరీటమని అర్థము. ముక్కు మీది ఎరుపు వెనుకకు వంగి పారుట ఆ ఈకలు గాలికి వ్రేలాడుట. ఒక మాట చెప్పక తప్పదు. ఆ కిరీటము మైదానపు తెగలవారిది. శాంటా ఫే పట్టాలు పోవు ఎడారిలోని ప్వెబ్లో, నవహో జనులది కాదు. భూమి ఒకరిది, కిరీటము ఇంకొకరిది, కంపెనీ టిక్కెట్టు అమ్ముకొన్నది.

ఒక్క సూపర్ చీఫ్ కథ కాదిది. షికాగోకును ఉత్తరమున నున్న సెంట్‌పాల్, మినియాపోలిస్ జంటనగరములకును నడుమ ఒక్క 1935లోనే మూడు కంపెనీలు మూడు కొత్త బండ్లు దించినవి: ఒకటి వెండిది, ఒకటి నారింజ, మెరూను కలసినది, మూడవది పసుపుపచ్చ, ఆకుపచ్చ రంగులకు మారినది. పోవు ఊరు ఒకటే, కాలమును ఇంచుమించు ఒకటే. పెట్టె రంగు చూచి టిక్కెట్టు కొనవలసిన పరిస్థితి. న్యూయార్క్ సెంట్రల్ బూడిదరంగుపై మెరుపుగీతలు, పెన్సిల్వేనియా కంపెనీ నలుపనిపించు ముదురాకుపచ్చపై బంగారు గీతలు, గ్రేట్ నార్దర్న్ నారింజ, ఆకుపచ్చలు. రైలు పేరు చదువనక్కరలేదు. పొలములో నాగలి పట్టినవాడు రంగు చూచి కంపెనీని చెప్పెడివాడు.

ఇక ఆల్కో సంగతి. న్యూయార్కు రాష్ట్రములోని షెనెక్టడీ పట్టణమున నెలకొన్న అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ ఆవిరి ఇంజన్లలో పేరుమోసినది. డీసెలులో ఎలక్ట్రో-మోటివ్ తనను దాటిపోవుచుండుట చూచి, యుద్ధము ముగియగనే 1946లో పి.ఏ. అను ప్రయాణికుల ఇంజనును తెచ్చెను. పొడవైన ముక్కు, దాని కొసన చతురముగా అమర్చిన దీపము, వెడల్పైన నుదురు. అంత అందమైన డీసెలు ఇంజను మరి పుట్టలేదని అనువారు నేటికిని కలరు. మాకును ఆ పక్షమే ఇష్టము. అందులో మొదటిది తమ కార్ఖానా చేసిన 75,000వ ఇంజను అని చాటి, శాంటా ఫే వారి ఎరుపు కిరీటము తొడిగి, న్యూయార్కులోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటలు వద్ద ప్రదర్శనకు పెట్టిరి. గ్రంథాలయములో మేము చూచిన బొమ్మ ఆ వంశమువారిదే.

ముఖము అట్టిది; గుండె అట్టిది కాదు. లోపల పెట్టిన 244 అను నమూనా డీసెలు యంత్రమును పోటీ తొందరలో సంతకు తెచ్చిరి. 16 సిలిండర్లు, 2,000 అశ్వశక్తి. కాని మాటిమాటికి మరమ్మతు. నడిబాటలో నిలిచిపోయిన ఇంజను ఎంత ఎర్రనిదైనను ప్రయాణికుడు మెచ్చడు. పి.ఏ. వర్గములో మొత్తము 297 ఇంజన్లు మాత్రమే తయారైనవి. ఎలక్ట్రో-మోటివ్ వారి ప్రయాణికుల ఇంజన్లు వేయికి పైగా అమ్ముడైనవి. ఆల్కో బుద్ధి తెచ్చుకొని 1950లలో 251 అను మరియొక యంత్రమును, ఈసారి తీరికగా, సిద్ధము చేసెను. అది మంచి యంత్రము. అయితే అమెరికన్ కంపెనీలకు ఆల్కోపై మనసు విరిగిపోయినది. అప్పుడు దానికి కొనుగోలుదారులు దూరదేశములలో దొరికిరి.

వారిలో మనము ఒకరము. 1957 నుండి షెనెక్టడీలో తయారైన డబ్ల్యు.డి.ఎం.-1 ఇంజన్లు నూరు మన దేశమునకు దిగుమతి అయినవి. 12 సిలిండర్ల 251 యంత్రము, 1,950 అశ్వశక్తి. డ్రైవరు గది ఒక కొసనే యుండెడిది. ముక్కులో ఆ పాత అందగత్తెల పోలిక కొంత మిగిలియుండెను. తరువాత 1962లో 16 సిలిండర్లతో 2,600 అశ్వశక్తిగల డబ్ల్యు.డి.ఎం.-2 వచ్చినది. ముక్కు లేదు, నుదురు లేదు. ఇనుపపెట్టెను ఇనుపపెట్టెపై నిలిపినట్లుండును. అదే ఏడు జనరల్ మోటార్స్ వారి ఇంజన్లు 72 డబ్ల్యు.డి.ఎం.-4 అను పేర వచ్చి పరీక్షకు నిలిచినవి. ఎడారి మార్గమున పోటీపడిన రెండు కార్ఖానాలు మరల మన పట్టాలమీద ఎదురుపడినట్లైనది. ఆ జనరల్ మోటార్స్ ఇంజన్లు గట్టివే. 1969 మార్చిలో తొలి రాజధాని ఎక్స్‌ప్రెస్సును లాగినవి అవియే. కాని మనకు కావలసినది ఇంజను ఒక్కటే కాదు, దానిని చేయు విద్య. ఆ విద్యను అప్పగించుటకు ఆల్కో సమ్మతించినది. కాశీలో డీసెలు ఇంజన్ల కార్ఖానా 1961లో వెలసి, 1964 జనవరిలో తన తొలి ఇంజనును దేశమున కర్పించెను. మొదట షెనెక్టడీనుండి వచ్చిన విడిభాగములతో 12 ఇంజన్లు కూర్చి, ఆపై తామే చేయ నారంభించిరి. మా మేనమామ మాట పొల్లుపోలేదు.

ఆ పేరులోని అక్షరములు చూడుడు. డబ్ల్యు బ్రాడ్‌గేజికి, డి డీసెలుకు గుర్తు. ఎం అనగా మిశ్రమము: ఉదయము మెయిలును, రాత్రి గూడ్సును ఒకే ఇంజను లాగవలెను. అట్టి సేవకురాలికి ఒక బండి చీర కట్టుటెట్లు? స్వాతంత్ర్యమునకు ముందు బెంగాల్ నాగ్‌పూర్, మదరాసు అండ్ సదరన్ మహరాట్టా, నిజాం రైల్వేలకు వేరువేరు పోకడలుండెను. 1951, 52లలో అన్నియు ప్రభుత్వ మండలములుగా మారిన తరువాత ప్రయాణికుని ఆకర్షించుటకు పోటీపడువాడే లేడు. టిక్కెట్టు దొరికిన చాలునని వానికి. రంగు ఏదైన నేమి? రంగుల పట్టింపు మనకు కంపెనీలనుండి షెడ్డులకు దిగినది. ఏ షెడ్డు తన ఇంజన్లకు ఆ షెడ్డు తనకు తోచిన గీతలు, పట్టీలు వేసికొనెడిది. అనకాపల్లి ప్లాట్‌ఫారముపై మాతోటి పిల్లలు కొందరు ప్రక్కనున్న అక్షరములు చదువకయే, పట్టీల తీరునుబట్టి, వచ్చినది వాల్తేరుదో, ఖరగ్‌పూరుదో, విజయవాడవైపుదో పందెము వేసెడివారు. ఆ రంగులు ప్రయాణికులకొరకు కాదు. షెడ్డు తన పిల్లను తాను గుర్తుపట్టుటకు.

వాల్తేరు డీసెలు షెడ్డు 1965లో వెలసినది. అదే కాలమున జపానుకు పంపవలసిన ఇనుపఖనిజము కొరకు కొత్తవలసనుండి కిరండూలుకు రైలుమార్గము సిద్ధమగుచుండెను. శృంగవరపుకోట దాటి, అనంతగిరి కొండలలో 58 సొరంగములు తొలిచి, సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తుననున్న శిమిలిగుడ మీదుగా ఆ దారి పోవును. బైలడిల్లా గని 1968లో పనిచేయ నారంభించినది. 1980ల మొదట విద్యుత్తు తీగెలు వచ్చువరకు ఆ కొండలలో ఖనిజపు బండ్లను దింపినవి డీసెలు ఇంజన్లే. షెడ్డు ఏ రంగు వేసి పంపినను, కొన్నాళ్లకు ఖనిజపు ధూళి పట్టి అన్నియు ఎర్రబారెడివని పెద్దలు చెప్పుదురు. శాంటా ఫే వారు చిత్రకారునికి డబ్బిచ్చి వేయించుకొన్న ఎరుపు మనకు కొండ ఉచితముగా పూసినది.

ఆ షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషి కొన్నియేండ్ల క్రిందట వేరొక కార్యక్రమము రికార్డు చేయించుటకు మా స్టూడియోకు వచ్చిరి. పని ముగిసిన పిదప, “తాతగారూ, మీ ఇంజన్లకు రంగులెవరు నిర్ణయించేవారు?” అని మేమడిగితిమి. ఆయన నవ్వి, “రంగు గురించి అడుగుతున్నారేటి బాబూ? మేం సూసిన రంగు పొగ రంగే” అనిరి. ఆపై పావుగంటసేపు పాఠము చెప్పిరి. పొగ నల్లనిదైన ఇంధనము ఎక్కువై గాలి చాలలేదని అర్థము. నీలముగా నున్నచో కందెన నూనె సిలిండరులోనికి చొరబడి కాలుచున్నది. తెల్లనిదైనచో నూనె కాలకయే బయటకు వచ్చుచున్నది, లేదా నీరు దిగినది; వెంటనే ఆపవలెను. కదలునపుడు ఆల్కో ఇంజను గుప్పుమని వదలు నలుపు మాత్రము రోగము కాదట, స్వభావము. యంత్రములోనికి గాలి నెట్టు పంకా, ఆ యంత్రపు పొగ వేగముతోనే తిరుగును. డ్రైవరు ఒక్కసారి పిడి త్రిప్పగనే నూనె ముందు చేరును, గాలి వెనుకబడును. పంకా అందుకొనువరకు పొగ నల్లనిదే. అమెరికాలోని రైలు ప్రియులు ఈ గుణము చూచియే ఆల్కో ఇంజన్లకు గౌరవ ఆవిరి ఇంజన్లని ఎగతాళి బిరుదిచ్చిరి.

అక్కడ రంగుల బండ్ల గతి ఏమైనదో చెప్పవలసియున్నది. 1956లో అమెరికా ప్రభుత్వము దేశమంతట మహారహదారులు వేయుటకు చట్టము చేసెను. రెండేండ్లకు జెట్ విమానములు ప్రయాణికులను ఎక్కించుకొనసాగెను. 39 గంటల ప్రయాణము కొన్ని గంటలదైన తరువాత ఎరుపు కిరీటము ఏమి చేయగలదు? అయినను బండ్లు కొంతకాలము నడచినవి. వానిని నిలిపినది పెట్టెల అందము కాదు, వానితో కట్టిన తపాలా పెట్టె. దారి పొడవున ఉత్తరములు వేరుచేయు ఆ పెట్టెలకు తపాలాశాఖ ఇచ్చు సొమ్ము, నష్టమును కొంత పూడ్చుచుండెను. 1967లో తపాలాశాఖ ఆ ఒప్పందములలో చాలభాగము రద్దుచేసెను. కంపెనీలు వరుసగా బండ్లను ఆపివేయుటకు అనుమతి కోరినవి. అద్దపు గోపురముల పెట్టెలతో 1949లో మొదలైన కాలిఫోర్నియా జెఫిర్ 1970లో ఆగిపోయెను. 1971 మే 1న మిగిలినవానిలో పెక్కింటిని ఆమ్‌ట్రాక్ అను ప్రభుత్వ సంస్థ చేపట్టినది. ఆ సంస్థకు మొదట తనవని చెప్పుకొను పెట్టెలు లేవు. ఎక్కడ దొరికిన పెట్టె నక్కడ తగిలించి నడిపిరి. ఒకే బండిలో యూనియన్ పసిఫిక్ పసుపు, దాని వెనుక శాంటా ఫే వెండి, దాని వెనుక వేరొక కంపెనీ ఆకుపచ్చ. నలుబదేండ్లు ఒకరినొకరు ఓడించుటకు వేసిన రంగులన్నియు ఒకే వరుసలో చేరినవి. అక్కడివారు దానిని ఇంద్రధనుస్సు కాలమందురు.

ఆల్కో అంతదాకనైన నిలువలేదు. 1969లో ఇంజన్లు చేయుట మానివేసెను. విద్య నేర్పిన ఇల్లు మూతపడిన తరువాత నేర్చుకొన్న ఇల్లు ముప్పదేండ్లు అదే పనిచేసెను. కాశీ కార్ఖానా డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజన్లను 1998 వరకు, మొత్తము 2,600కు పైగా తయారుచేసినది. ఆ 251 యంత్రమునే సానబెట్టి 3,100, ఆపై 3,300 అశ్వశక్తికి ఎక్కించినది. 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అని పేరు మార్చుకొన్న ఆ కార్ఖానాలో నేడు విద్యుత్ ఇంజన్లదే ప్రధానమైన పని.

పి.ఏ. ఇంజన్లలో పెక్కు తుక్కుక్రింద పోయినవి. శాంటా ఫే వారివి నాలుగు మాత్రము 1967లో డెలావేర్ అండ్ హడ్సన్ కంపెనీ కొనుక్కొని, కిరీటపు ఆకారము చెరుపక, ఎరుపు స్థానమున నీలము వేయించెను. 1970ల నడుమ వానిని విప్పి బాగుచేయించినపుడు లోపలి 244 యంత్రములను పీకివేసి, 12 సిలిండర్ల 251 యంత్రములను అమర్చిరి. మన డబ్ల్యు.డి.ఎం.-1లో నున్న వంశమే. ముప్పదేండ్ల వయసులో ఆ అందగత్తెలకు వాల్తేరు షెడ్డువారు ఎరిగిన గుండె లభించినది. పిదప నాలుగును మెక్సికోకు పోయి, రెండు అక్కడనే నిలిచి, రెండు 2000లో తిరిగి అమెరికా చేరినవి.

మా అనకాపల్లి మీదుగా 1990లలో విద్యుత్తు తీగెలు పరచిరి. మెయిలును, కోరమాండలును విద్యుత్ ఇంజన్లు లాగసాగెను. 2023 జనవరిలో వందే భారత్ తెలుపు నీలము రంగులతో అక్కడ ఆగకయే దూసుకొని పోసాగెను. మా మేనమామ వృద్ధులైరి. అయినను ఎవరినైన బండి ఎక్కించుటకు స్టేషనుకు వత్తురు. ఇప్పుడు బండి కదలునపుడు ఆయన వెనుకకు అడుగు వేయరు. చొక్కా మాత్రము తెల్లనిదే.